తొమ్మిది బదులు పది

1986 ఎండాకాలం, ఓ ఆదివారం పొద్దున. దిల్‌సుఖ్‌నగర్‌లో జనార్ధన్, భార్య ఆండాలు కిరాయికుంటున్న రెండు గదుల ఇంటికి జనార్ధన్ మేనత్త ఐలమ్మ చెప్పా పెట్టకుండా వచ్చి కూర్చుంది. జనార్ధన్ చిన్న మిషనొకటి మూత విప్పి ముందు పెట్టుకుని ఉన్నాడు.

"గదంత కాదు నేనడిగింది. గీ మిషను ఎన్నడన్న తప్పు జెప్తదా? గంతే."

"మిషను తప్పెందుకు జెప్తది అత్తమ్మా? మనం తప్పు నేర్పితే తప్పు జెప్తది. మంచిగ నేర్పితే మంచిగ జెప్తది."

"మరి గిట్ల కడుపు గోసి పెట్టినవేంది, పేగులన్ని బయటేసి?"

"ఏయ్, ముట్టకు! వేడున్నది, చెయ్యి కాల్తది. దీనికి జ్ఞాపకం తక్కువ. లోపట ఇంకొక చిప్పు అతికిస్తున్న. అతికిస్తే ఎక్కువ గుర్తు పెట్టుకుంటది."

"జేబుల పట్టేటంత ఉన్నది. దీన్ని గూడ కంప్యూటరు అంటరా?"

"అంటరు. చిన్నదే గని పెద్దదాని పని చేస్తది. జపాన్‌ది."

"నీకెవలు నేర్పిన్రు గివన్ని? ఆపీసులనా?"

"ఆపీసుల ఎవనికొస్తది? మేం పన్నెండు మందిమి ఉన్నం. నెలకొకసారి ట్యుటోరియల్ రూముల కూసుంటం. ఎవలకు తెల్సింది వాళ్ళు కాయితం మీద రాసి అందరికి పంచుతరు. ఒకలు రాసింది ఇంకొకలు సుధారిచ్చి ఇంకింత మంచిగ చేస్తరు. పైసలు లెవ్వు, ఏం లెవ్వు. గీ మిషను మీద భూమి కొలిచే లెక్క నేను రాసిచ్చిన."

"అందరికి ఇచ్చినవా?"

"అందరికి. పట్వారి ఉన్నప్పుడు ఎట్లుండె చెప్పు? కొలిచే గొలుసు ఆయన చేతుల, లెక్క ఆయన నోట్ల. ఆయన ఎంత అంటే గంత. లెక్క ఒక్కని దగ్గర ఉంటెనే కద మోసం? పది మంది దగ్గర ఉంటే ఎవడు ఎవన్ని మోసం చేస్తడు?"

"ఊఁ."

"ఊఁ అంటవేంది? మంచిగ చెయ్యలేదా?"

"మంచిగనే చేసినవ్. బర్లు యాదికొచ్చినయ్. నీళ్ళు పెట్టకుంట ఒచ్చిన."

"నీళ్ళు పెట్టకుంట బస్సెక్కినవా? నువ్వా? ఏమైందత్తమ్మా?"

"నీళ్ళు యాడియి బిడ్డా. బాయి పూడుస్తున్నరు."

"ఏ బాయి?"

"మన బాయే. నిన్నటి సంది ట్రాక్టర్లల్ల మట్టి తెచ్చి పోస్తున్నరు."

"మన బాయెట్ల పూడుస్తరు? అరవై గుంటలల్ల యాబై నాలుగే అమ్ముతనన్నవ్ గద. బాయి, గుడిసె, బర్ల కొట్టం, గా ఆరు గుంటలు ఉంచుకుంటనన్నవ్ గద!"

"అన్న."

"మరి?"

"కొలిచిన్రు. చేనంత కలిపితే యాబై నాలుగే ఒచ్చిందన్నరు. ఇగ ఉంచుకోనీకె ఏమున్నది?"

"యాబై నాలుగెట్లొస్తది? పహాణీల ఎకరం ఇరవై గుంటలని ఉన్నది. ఎకరానికి నలబై, మీదికెళ్ళి ఇరవై, అంటే అరవై."

"గది పాత కాయితం అన్నరు. పెద్ద రోడ్డు వెడల్పు చేసిననాడు ఆరు గుంటలు రోడ్ల కలిసిందన్నరు."

"మన చేనుకు రోడ్డు యాడున్నది, రోడ్డుకు మన చేను యాడున్నది? ఎప్పుడు కొలిచిన్రు? నాకెందుకు చెప్పలే?"

"శివరాత్రి ముందట. నీకు ఆపీసుండె."

"అత్తమ్మా, వేలిముద్ర ఏసినవా?"

"ఆండాలును జర చాయ్ పెట్టమను. నోరెండుతున్నది."

"పెడ్తది. వేలిముద్ర ఏసినవా?"

"ఏసిన."

"రిజిస్ట్రీ?"

"అయింది."

"ఎవలకు చేసినవ్?"

"గంగాధరరావు సారుకు. నీకు ఎరికే గద ఆయన. మంచిగ మాట్లాడుతడు. నాకు కుర్సి ఏసి కూసోబెట్టిండు."

"గంగాధరరావు సారా! మా పన్నెండు మందిల ఒకాయన ఆయన. ఆయన తప్పెట్ల కొలుస్తడు? కొలతలు ఏమన్న రాసిచ్చిన్రా?"

"ఇచ్చిన్రు. ఇగో, కొంగుకు కట్టుకొచ్చిన."

"గీ కాయితం పట్టుకోనే ఒచ్చినవా? ముందే ఇయ్యరాదు? జర ఆగు, మూత పెట్టనీ. బ్యాటరీ తీస్తే దీనికి అంత మరుపే. నేను రాసిన లెక్క మళ్ళ మొదటి సంది కొట్టాలె. ఇరవై లైన్లే."

"నిమ్మలంగ చెయ్యి. తొందరేమున్నది."

"బాయి పూడుస్తుంటే తొందర లేదంటవ్... ఆఁ, అయింది. ఇగ మొదటి పక్క... రెండోది... మూల నుంచి మూలకు గూడ కొలిచిన్రు, మంచిదే. గీ కొలతలు నీ ముందట్నే తీసిన్రా?"

"టేపు ఒక కొస నేనే పట్టుకున్న."

"అయితే కొలతలల్ల మోసం లేదు. చూడు, అరవై అయిదు వేల మూడు వందల నలబై చదరపు అడుగులు. దాన్ని గజాలు చేస్తే ఏడు వేల రెండు వందల అరవై. గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు. అంటే..."

"అంటే?"

"అరవై. అరవైకి అరవై గుంటలు, అత్తమ్మా! జానెడు గూడ తక్కువ లేదు."

"అట్లనా."

"అట్లనా ఏంది? ఆరు గుంటలు మింగిన్రు నీయి! గాళ్ళు దేనితోని లెక్క చేసిన్రు?"

"గిసొంటి దానితోనే. దీని అక్కనో చెల్లెనో అన్నట్టున్నది."

"పా. లే. పోదాం."

"ఇయ్యాల ఐతారం."

"ప్లాట్లు చూడనీకె ఐతారమే ఒస్తరు. ఆపీసు తెరిసే ఉంటది."

"జనార్ధనా, కొట్లాట పెట్టుకోకు బిడ్డా. అడిగితే అడుగు, నీ మాట నువ్వు పోగొట్టుకోకు."

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, కొత్తగా హద్దురాళ్ళు పాతిన లేఔట్‌లో షామియానా కింద గంగాధరరావు ఆఫీసు. ఐలమ్మ లోపలికి రానంది. జనార్ధన్ ఒక్కడే వెళ్ళాడు.

"రండి రండి జనార్ధన్ గారూ! ప్లాటేమన్నా చూస్తారా? మీకైతే ఈశాన్యం బిట్టు ఇప్పిస్తాను."

"ప్లాటు ఒద్దు సార్. మీ మిషను జర చూపించున్రి."

"ఏం, కొత్త చిప్పేదైనా తెచ్చారా? పోయినేడు మీరు అతికించింది బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. మన గ్రూపులో మీ చేతికి తిరుగులేదు. బాబూ, రెండు కాఫీలు!"

"భూమి లెక్క చూపించున్రి. ఒచ్చిన జవాబు కాదు, లోపటి లైన్లు."

"అదేంటండీ, మీరు రాసిందేగా?"

"నేను రాసిందేనా కాదా అని చూస్త."

"చూడండి, చూడండి. మన మధ్య దాపరికమేంటి?"

"పది... ఇరవై... గీడి దాంక బరాబర్. డెబ్బై, ఎనబై... తొంబై. సార్, గిదేంది?"

"ఏదండీ?"

"తొంబై నంబరు లైను. అడుగులు గజాలు చేసే కాడ. మూడడుగులు ఒక గజం. మూడు మూళ్ళ తొమ్మిది. తొమ్మిదితోని భాగించాలె. గీడ పది ఉన్నది."

"పదా? ఏదీ... ఆఁ, పదే."

"పదే అంటరేంది!"

"మెల్లగా అండీ, పార్టీలు కూర్చున్నారు. అదీ... రోడ్లకీ కాలవలకీ కొంత వదలాలి కదా. పదోవంతు ముందే తీసేస్తే సుఖంగా ఉంటుందని..."

"రోడ్లకు ఇడిసేది మీరు అమ్మేటప్పుడు. కొనేటప్పుడు తీస్తరా ఎవలన్న?"

"మా ఇంజనీరు మార్చాడండీ. నేను సరిగ్గా చూసుకోలేదు."

"పిలువున్రి ఇంజనీరును."

"మానేశాడు. పోయిన నెలే."

"సార్, ఐలమ్మ మా మేనత్త. మా నాయిన తోడబుట్టింది."

"తెలుసండీ."

"తెల్సా? తెల్సి గూడ?"

"మహా మంచి మనిషి. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఈ రోజుల్లో అలాంటి వాళ్ళెక్కడున్నారు?"

"అయితే ఆమె ఆరు గుంటలు ఆమెకు ఇడిసిపెట్టున్రి. బాయి పూడ్చుడు ఆపున్రి."

"ఎలాగండీ? దస్తావేజులో నాలుగు హద్దులూ రాసి ఉన్నాయి, ఆ హద్దుల లోపలిదంతా అమ్మినట్టు. బావి ఉన్న చోట నలభై, నలభై ఒకటి, నలభై రెండు నంబరు ప్లాట్లు పడ్డాయి. మూడూ అయిపోయాయి. ఒకటి లెక్కల మాస్టారు, ఒకటి బస్సు డ్రైవరు, ఇంకొకటి రామమోహనరావు గారని, రిటైరై ఉన్నదంతా ఇందులో పెట్టారు. వాళ్ళని పొమ్మంటారా?"

"వాళ్ళను ఎందుకంట? మీరు..."

"చూశారా, మీరూ పొమ్మనలేరు."

"నేను ఎమ్మార్వో దగ్గరికి పోత. మన పన్నెండు మందికి జెప్త."

"వెళ్ళండి. ఏమని చెప్తారు? మీ కాగితం నా దగ్గరుంది, చదువుతా వినండి. 'దీనిని ఎవరైనను వాడుకొనవచ్చును. ఎవరికి కావలసినట్లు వారు మార్చుకొనవచ్చును.' మీ చేతిరాతే కదా? మేం మార్చుకున్నాం."

"ఇంకింత మంచిగ చేయనీకె మార్చుకోమన్న."

"అలా రాయలేదు కదండీ."

"రాయాల్నా? అది గూడ రాయాల్నా సార్?"

"కోప్పడకండి. నాకూ బాధగానే ఉంది."

"గా పదిని తొమ్మిది చెయ్యున్రి. నా ముందట."

"అదెంత పని? ఇదిగో. తొమ్మిది. ఎంటర్ కొట్టాను. సరేనా? మా మిషను బాగైపోయింది."

"మీ మిషను అంటున్నరేంది? ఇంకెవలకన్న ఇచ్చిన్రా?"

"ఒక ముగ్గురికి ఇచ్చానండీ. బాలాపూర్ వాళ్ళొకరు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వాళ్ళు ఇద్దరు. ఉచితంగానే ఇచ్చాను, మీలాగే. వాళ్ళు మళ్ళీ ఎవరెవరికి ఇచ్చుకున్నారో నాకేం తెలుసు?"

"ఏదిచ్చిన్రు? తొమ్మిదిదా, పదిదా?"

"కాఫీ చల్లారిపోతోంది, తీసుకోండి."

సగం పూడిన బావి ఒడ్డున ఐలమ్మ కూర్చుని ఉంది. ట్రాక్టరు మరో మట్టి లోడుకు వెళ్ళింది.

"ఏమన్నడు?"

"బాధగ ఉన్నదన్నడు."

"పాపం."

"పాపమా? తొమ్మిది ఉండాల్సిన కాడ పది పెట్టిన్రు అత్తమ్మా. గంతే. నువ్వు పదోవంతు ఉంచుకుంటనన్నవ్. గాళ్ళు సరిగ్గ పదోవంతు మాయం చేసిన్రు."

"ఒక్క అంకెనా?"

"ఒక్క అంకె."

"మా అత్త, మా మామ ఏడాది తవ్విన్రు ఈ బాయి. ఒక్క అంకెతోని పూడ్చుకపోయింది."

"వకీలును చూస్త. కేసేద్దాం."

"ఎన్నేండ్లు నడుస్తది?"

"నడుస్తది... అయిదో, పదో. చెప్పలేం."

"గప్పటిదాంక బర్లు నీళ్ళు తాగకుంట నిలబడ్తయా? శుక్రారం లోపల గుడిసె, కొట్టం పీక్కపొమ్మన్నరు."

"మా ఇంటికి రా. బర్లను గూడ తోలుకరా."

"రెండు రూములల్ల యాడ కడ్తవ్ రా? ఒకదాన్ని నీ మిషను కాడనా, ఒకదాన్ని ఆండాలు పొయ్యి కాడనా?"

"నవ్వకు అత్తమ్మా. నాకు ఏడుపొస్తున్నది."

"నవ్వక ఏం జెయ్యమంటవ్?"

"బాలాపూర్ పోత. అబ్దుల్లాపూర్‌మెట్ పోత. ఎవలెవలి దగ్గరున్నదో అడుగుత. తొమ్మిది చెయ్యున్రి అని కాళ్ళు మొక్కుత."

"ఎన్నూర్లు తిరుగుతవ్ బిడ్డా?"

"తెల్వదు. ఒక్కటి మారిస్తే గింతల ఇంకొకటి పుడ్తది. నేను రాసిన కాయితం, నా చేతుల లేదిప్పుడు."

"కూసో జర. నీడకు కూసో."

"నువ్వు గూడ గట్లనే ఉంటివి! నలబై ఏండ్లు దున్నిన చేను ఎంతున్నదో నీకు తెల్వదా? ఎవడో ఆటబొమ్మ సొంటిది చూపించి యాబై నాలుగు అంటే, నోరు మూసుకొని బొటనేలు ఇస్తవా?"

"తెల్వకేంది? ఏ సాలుకు ఎన్ని అడుగులు పడ్తయో నా కాళ్ళకెరుక. విత్తనం ఎంత పట్టేదో నా ఒడికెరుక. యాబై నాలుగు అనంగనే అబద్ధం అని సమజయింది."

"సమజైందా? అక్కడ్నే?"

"అక్కడ్నే. అందామని నోరు గూడ తెరిసిన."

"మరి అన్లేదేంది?"

"మిషను ఒత్తంగనే, లెక్క కంటె ముందుగాల ఇంగిలీషు అక్షరాలు ఉరికినయ్. సారు నవ్వుకుంట నాకు సదివి ఇనిపించిండు. నేను నమ్మలే. మా పక్కింటి సారమ్మ బిడ్డ బడికి పోతది గద, దాన్ని పిల్సి మళ్ళ సదివించిన. అది గూడ గదే సదివింది."

"ఏం సదివింది?"

"నీ పేరు."

"నా పేరా? లెక్క మార్చి... పేరు గట్లనే ఉంచిన్రా?"

"ఉంచిన్రు. ఎందుకు తీస్తరు?"

"నేనే రాసిన అత్తమ్మా. కాయితం అడుగున. ఏమన్న మార్చుకోండ్రి, పేరు మాత్రం తియ్యకున్రి అని నేనే..."

"ఊరంత నిలబడ్డది ఆ దినం. మట్టయ్య ఉన్నడు, కొమరయ్య ఉన్నడు, మనల చూసి కుళ్ళుకునేటోళ్ళందరు ఉన్నరు. 'ఐలమ్మ అల్లుడు చేసిన లెక్కనంట' అని ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. గంత మందిల లేసి నా అల్లుని లెక్క అబద్ధం అని నా నోటితోని ఎట్లంట బిడ్డా? బొటనేలు నేనే ముందుకు చాపిన."