చప్పుడు చేయని నేల

చూపు ఆనని అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, షాపులో నమూనాకి పరిచిన, నేలకు వేసే లామినేట్ పలకల మీద ఉత్తకాళ్ళతో నడిచి చూస్తోంది.

"ఆ చెప్పులు ఈడ్చకే! ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరేలెండి అత్తయ్యా. ఇదెలా ఉంది?"

"అచ్చం మన పాత చెక్కనేలే. గీతలు కూడా కాలికి తగులుతున్నాయి. కానీ కిర్రుమనదేం?"

"ఎన్నేళ్ళైనా చప్పుడు రాదట."

"అదే నా బెంగ. మీ మామయ్య డ్యూటీ నుంచొచ్చి, నన్ను లేపకూడదని పిల్లిలా నడిచేవారు. గుమ్మం పక్క చెక్క పట్టిచ్చేసేది. ఆ చప్పుడు వింటేగానీ నాకు కునుకు పట్టేది కాదు."

"అదంతా పుచ్చిపోయింది కదా, తప్పదు."

"తెలుసులే. ఇక నువ్వొచ్చినట్టు నాకెలా తెలుస్తుంది?"

"చెప్పులు ఈడ్చుకుంటూ వస్తాను. మీరు తిట్టకూడదు మరి."

"తిడతానే. లేకపోతే నేను విన్నట్టు నీకెలా తెలుస్తుంది?"