ట్యాంకు అడుగున

రెండేళ్లుగా ఒడ్డునే పడి ఉన్న పడవలో మామ, కోడలు. పొద్దున్నే.

"ఆ పెద్ద మూత విప్పకండి మామయ్యా. ట్యాంకు మార్పించుకుంటానని పడవ కొనే ఆయనే అన్నాడుగా."

"అననీ. మురికి ట్యాంకుతో అప్పగిస్తే నా పరువేం కాను? నలభై ఏళ్లు ఇంజన్లు బాగుచేసిన చేయి ఇది. ఆ స్పానర్ ఇలా అందుకో."

"తుప్పు పట్టింది. రాదు."

"ముందు నువ్వివ్వు తల్లీ. ఇదిగో, రానంటూనే వచ్చింది."

"అబ్బ, ఏం కంపండీ."

"పాత పెట్రోలు, పులిసిపోయింది. నువ్వు గాలికి అటు కూర్చో. గొట్టం వేసి డబ్బాలోకి లాగేస్తాను. అమ్మాయ్..."

"ఊఁ."

"సగానికి పైగా ఉంది."

"ఉంటే ఉంది. లాగేయండి."

"లాగేయడమేంటి? అబ్బాయి పోయిన రోజు నేనేమన్నాను? పెట్రోలు చూసుకోకుండా వెళ్లాడు, నడినీళ్లలో ఇంజను ఆగిపోయింది, గాలివానలో చిక్కి చేజేతులా ప్రాణం తీసుకున్నాడు అన్నాను. తాగి ఉంటాడని కూడా అన్నాను. నీ ఎదుటే."

"అన్నారు."

"ఒక్కసారైనా కాదనలేదేం?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? చేతులు కడుక్కోండి, టీ తెస్తాను."

"టీ తర్వాత. పెట్రోలుండీ ఇంజను ఎందుకాగింది? డబ్బా నిండింది, ఇంకోటి పెట్టు. మడ్డి వస్తోంది చూడు. నీళ్లు కూడా."

"అదే అయ్యుంటుంది. నీళ్లు దిగాయి, ఇంజను ఆగింది. అంతే మామయ్యా. ఇక మూసేయండి."

"నాకు చెప్తున్నావా ఇంజన్ల సంగతి? ఈ నీళ్లు ఈ రెండేళ్లలో చెమ్మకి చేరినవి. ఉండు, చేయి పెట్టి అడుగు గీకుతాను."

"వద్దు. నా మాట వినండి. చేయి పెట్టకండి."

"మెత్తగా ఏదో తగులుతోంది. ఇంజనుకి పోయే పైపు మూతికి అంటుకుపోయింది. ఇదేంటిది... గుడ్డ."

"పారేయండి."

"గళ్ల తువ్వాలు ముక్క."

"ఇలా ఇచ్చేయండి మామయ్యా."

"నలక పడకుండా గుడ్డ వేసి వడగట్టి పోసేది నేనొక్కణ్ణే. 'మా నాన్న పెట్రోలుకి కూడా జల్లెడ పడతాడు' అని వాడు నవ్వేవాడు. ఆ రోజు తెల్లారి డబ్బాలో ఉన్న కాస్తా పోసింది నేనే, మిగతాది వాణ్ణే పోయించుకోమన్నాను. పోసి, మూత బిగించి... గుడ్డ తీశాననే అనుకున్నాను. తీయలేదు. లోపలికి జారిపోయింది."

"కూర్చోండి. ఇలా, నా పక్కన."

"వాడి ఇంజను ఆపింది నేనే తల్లీ. ఆపి, వాణ్ణే తిట్టాను రెండేళ్లు. ఊరంతా వినేలా తిట్టాను. అవునూ, విప్పొద్దు, విప్పొద్దని ఇందాకటినుంచీ... నీకు ముందే తెలుసా?"

"ఇంజను ఆగాక ఆయన ఫోన్ చేశారు మామయ్యా. 'పెట్రోలు పోసే కంతలోంచి టార్చి వేసి చూశాను, నాన్న గుడ్డ పైపుకి అడ్డం పడింది, గాలి తగ్గాక పెద్ద మూత విప్పి తీస్తాలే' అన్నారు. 'నాన్నతో మాత్రం అనకు, అన్నం మానేస్తాడు' అన్నారు."