కత్తెరతో కలిపి నలభై ఎనిమిది కిలోలు

అబ్బబ్బ, మళ్లీ సూదేనా డాక్టరుగారూ? వారం రోజులుగా తోడుతూనే ఉన్నారు, నేనేమన్నా బావినా? ఏంటీ? లక్షా పదివేలా? నా ప్లేట్‌లెట్లేనా? మొన్న ముప్పై వేలే అన్నారుగా! అయ్యో, ముందే చెప్పరేం! ఇదిగో, రెండో చెయ్యి కూడా తీసుకోండి!

నవ్వు ఆగట్లేదండీ. పొద్దున పళ్లు తోముకుంటే చుక్క రక్తం రాలేదు తెలుసా? అద్దంలో నా పళ్లు చూసుకుంటే నాకే ముద్దొచ్చాయి. చేతుల మీద ఆ నల్లమచ్చలూ పలచబడ్డాయి. చూడండి, చూడండి.

అది సరే గానీ, నిన్న మా సిస్టరమ్మని అలా కడిగేశారేం? కర్టెన్ వెనకాల ఉన్నా నా చెవులు బాగానే పనిచేస్తాయి. నా కాలి పుండుకిచ్చిన ఆ మాత్రలకి వయసు చూడాలి, బరువు చూడాలి, కిడ్నీలు చూడాలి, రెండు వారాలు దాటితే రక్తం మీద దెబ్బ కొడుతుంది, వివరాలు తప్పు రాసినందుకు పైవాళ్లకి రిపోర్టు చేస్తాను అన్నారు. ఇద్దరు పిల్లల తల్లి, ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చి నాకు దుప్పటి కప్పి వెళ్లింది. నాకు ముద్ద దిగలేదు.

ఆవిడ తప్పేం లేదండీ. ఆగండి, అటు వెళ్లకండి, చెప్తాను.

నాది బట్టలు కత్తిరించే పని కదా. నెల కిందట కత్తెర జారి పాదం మీద పడింది, పుండు చీము పట్టింది. మీ దగ్గరికి పని మధ్యలోంచి అలాగే వచ్చేశాను. బరువు మిషనెక్కేముందు, జేబుల్లో ఏమన్నా ఉన్నాయా అని అడిగింది పాపం. ఏం లేవమ్మా అన్నాను. పెద్ద కత్తెర, గుడ్డ జారకుండా పెట్టే ఇనప దిమ్మలు నాలుగు! బల్ల మీద వదిలితే పక్కవాళ్లు కాజేస్తారు, అందుకని మేం ఎక్కడికెళ్లినా మోసుకెళ్తాం. నలభై ఎనిమిది చూపించింది. జన్మలో అంత లేను, మురిసిపోయాను!

కిడ్నీలా? గుండ్రాయిలా ఉన్నానన్నాను. అవి నీరసంగా ఉన్నాయని నాలుగేళ్ల కిందటే ఒకాయన చెప్పాడు. మాత్రలు రెండు వారాలకే ఇచ్చారు. మూడో వారానివి పాత చీటీ చూపించి నేనే కొనుక్కున్నాను. తొందరగా బల్ల దగ్గరికి వెళ్లాలని!

తమాషా చూశారా? అందరి కొలతలూ అరంగుళం తేడా రాకుండా తీస్తాను. నావి మాత్రం ఒక్కటీ నిజం చెప్పలేదు.

వయసు... యాభై తొమ్మిదని రాసుంది కదూ? మా దగ్గర అరవై అయిదు దాటితే కత్తెర లాక్కుని, గుండీలు కుట్టే మూలన కూర్చోబెడతారండీ. ఆ మూలంటే నాకు చచ్చేంత భయం. అందుకే పనిలో చేరిన రోజే పన్నెండేళ్లు తగ్గించి చెప్పాను, ఇక్కడా అదే లెక్క చెప్పాను.

మా ఓనరు పదింటికి నన్ను చూడ్డానికి వస్తున్నాడు. నా వయసు రాసిన ఆ కాగితమేమో మంచం కాళ్ల దగ్గరే వేలాడుతుంటుంది. చదవనివ్వండి. గుండీలు కూడా బాగానే కుడతాను లెండి.

సిస్టరమ్మని పిలవండి. పాతది కొట్టేసి, ఆవిడ చేత్తోనే రాయించండి. డెబ్బై ఒకటి. అంకెల్లోనూ, అక్షరాల్లోనూ.