వినపడని శృతిదండం

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రధానోపాధ్యాయురాలికి, ముందు వరుసలోని పెద్దలకు, ముప్పై ఒక్క ఏళ్లు నాతో పాటు సుద్దపొడి పీల్చిన తోటి ఉపాధ్యాయులకు, గోడకానుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ఇప్పటిదాకా మీరు నా గురించి చెప్పినదాంట్లో సగమే నాకు వినిపించింది; మిగతా సగం కూడా పొగడ్తలేనని నమ్ముతున్నాను. (నవ్వులు)

నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

రెండేళ్ల కిందట, తొమ్మిదో తరగతిలో తరంగ చలనం పాఠం. అన్నిటికన్నా సన్నటి స్వరంతో మోగే చిన్న శృతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి, మొదటి బెంచీ అమ్మాయికి వినిపించి, తర్వాత నా చెవి దగ్గర పెట్టుకుని, "ఆగిపోయింది" అన్నాను.

"లేదు సార్, ఇంకా మోగుతోంది" అంది ఆ అమ్మాయి.

మళ్లీ కొట్టాను. నాకు చడీచప్పుడూ వినపడలేదు. నలభై మంది నా ముఖంలోకే చూస్తున్నారు. సంగతి బయటపడితే ఉద్యోగం ఏమవుతుందో, మా చిన్నదాని చదువు ఏమవుతుందో అని భయమేసింది. అప్పుడు మన ల్యాబ్ అటెండర్ గ్లాసుతో నీళ్లు తెచ్చి, "దీన్లో ముంచి చూపిస్తానన్నారు కదా సార్!" అన్నాడు. నేనెప్పుడూ అనలేదు. ముంచాను. నీళ్లు చిమ్మి నా కళ్లజోడు తడిసింది, తరగతి గొల్లున నవ్వింది. తమ్ముడూ, నీకు కృతజ్ఞత చెబితే చెవుడు ఒప్పుకున్నట్టవుతుందని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. క్షమించు.

ఆనాటి నుంచి ఆ పాఠం కళ్లతోనే చెప్పాను. తాడు మధ్యలో ఎర్రదారం కట్టి ఊపితే అల గోడదాకా పోయింది, దారం మాత్రం ఉన్నచోటే పైకీ కిందికీ ఆడింది. "మరి పోయిందేంటి సార్?" అంది అదే అమ్మాయి. "నా చెయ్యిచ్చిన శక్తమ్మా. తాడు ఎక్కడికీ పోదు. ఒక్కో ముక్కా పక్కదాన్ని కదుపుతుంది, అంతే." ఆ ఏడు ఆ పాఠంలో తప్పినవాళ్లు లేరు. నా భయం మాత్రం తగ్గలేదు. వెనకనుంచి పిలిస్తే తిరగలేదని నాకు తలపొగరనుకున్నవాళ్లు ఇక్కడున్నారు. వాళ్లకి ఇదే సంజాయిషీ.

ఇవాళ పొద్దున ఇంట్లో బయటపెట్టాను. మా ఆవిడ దువ్వెన పక్కన పెట్టి, "రెండేళ్లుగా నేను గొంతు చించుకుంటున్నది ఎందుకనుకున్నారు?" అంది. (నవ్వులు)

రేపు పదింటికి చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఏమంటాడోనని దడగానే ఉంది. ఆయన మాట నాకు అందకపోతే తను విని చెబుతానంది.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఇక సెలవిప్పించండి.