గడువు కార్డు

హలో… ఆ, నేనే. లైబ్రేరియన్నే, చెప్పండి… పోస్టుకార్డా? అందిందన్నమాట. రాసింది నేనే. పుస్తకం గడువు దాటి పన్నెండు రోజులైందని రాశాను. పోస్టు చేసేసరికి పదమూడైంది. అది వేరే సంగతి…

క్షమించండి, మాట్లాడుతున్నది ఎవరు?

…ఆవిడకు అన్నయ్యా మీరు.

…లేదు, వింటున్నాను.

…కార్డు మీది రబ్బరు ముద్రలో ఉన్నది మీరు సరిగ్గానే చదివారు. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తమకోసం తామే పెట్టుకున్న గ్రంథాలయం. రెండు గదులు. ఒకదానిలో పుస్తకాలు, రెండోదానిలో డాక్టరు సలహా, లాయరు సలహా… నేనా? కాదు, నేను పుస్తకాలు సర్దేవాణ్ణి. నలభై ఏళ్లు సర్కారు లైబ్రరీలో సర్దాను, ఇప్పుడు ఇక్కడ…

…అడ్డా అనకండి. అడ్డాలకు కేటలాగు ఉండదు.

…చూడండి బాబూ, ఒక విషయం చదివినంత మాత్రాన… క్షయ మీద పుస్తకం చదివినవాడికి క్షయ ఉందనుకోం కదా… పోలిక బాగాలేదు. వెనక్కి తీసుకుంటున్నాను.

…ఆవిడ వచ్చేది ఆదివారం కాదండీ, శనివారం. ప్రతి శనివారం, రెండున్నరకు—

…

…ఏం లేదు. ఏమీ అనలేదు.

…పిల్లలకు బొమ్మల ట్యూషన్ చెప్పడానికని చెప్పి వస్తోందా… నాకెలా తెలుస్తుంది.

…గదిలో పెట్టి గడియ వేశారా. నిన్నటి నుంచా… సరే, మీ చెల్లెలే. కాదనలేదు… ఈ కార్డు తీసుకెళ్లి ఆవిడ టీచరుగా ఉన్న స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌కు చూపిస్తారా. ఎప్పుడు?… సోమవారం.

…ఒక్క నిమిషం. కళ్లజోడు పెట్టుకుని కార్డుల పెట్టె చూడనివ్వండి.

…ఇల్లంతా వెతికారు కదా, పుస్తకం దొరికిందా?… దొరకలేదు. దొరకదు. ఎందుకంటే అది ఆవిడ తీసుకెళ్లలేదు. పొరపాటు నాది… అదే చెబుతున్నాను. మీ చెల్లెలు ఎప్పుడో ఒక్కసారి వచ్చారు. పిల్లలకు బొమ్మలు నేర్పే పుస్తకం ఉందా అని అడిగారు. లేదన్నాను. వస్తే కబురు చేయమని చిరునామా రాసిచ్చారు. అంతే. శనివారాలు వచ్చేది వేరే ఆవిడ. పేరు ఒకటే. పెట్టెలో ఇద్దరి కార్డులూ పక్కపక్కన ఉంటే నేను ఉత్తరం మీద మీ చిరునామా ఎక్కించాను…

…నా వయసా? డెబ్బై ఒకటి… అవును, ఈ వయసులో ఇంట్లో కూర్చోవాల్సింది.

…ఒట్టా?

…దేవుడి మీదా. బాబూ, నేను దేవుణ్ణి… నమ్ముతానా అనా?… నమ్ముతాను. ఎందుకు నమ్మను. వేస్తే గడియ తీస్తారా? స్కూలుకు వెళ్లరు కదా?… సరే. దేవుడి మీద ఒట్టు. మీ చెల్లెలు మా సభ్యురాలు కాదు…

…నమ్మారా. అంతేనా…

…తననే అడుగుతారా. అడగండి. ముందు తనకు ఫోనివ్వండి, పొరపాటు నాదని చెబుతాను.

…అమ్మా. నేనే. నువ్వేం మాట్లాడకు. ఆ, ఊ అంటే చాలు… కొట్టాడా?… నిజంగా?… ఊ.

ఇళ్లకు ఉత్తరాలు వేయకూడదని ఇక్కడి మొదటి నియమం. నా బల్ల పైనే రాసి పెట్టారు. నలభై ఏళ్ల అలవాటు, గడువు దాటిన పుస్తకం కనబడితే చెయ్యి దానంతటదే రాసేసింది. క్షమించమని అడగను. క్షమాపణతో పోయే తప్పు కాదిది.

పుస్తకం స్కూల్లో ఉందా?… ఉండనీ. తెచ్చివ్వొద్దు. నువ్వు ఇక ఇటు రావొద్దు. నీ సభ్యత్వ కార్డు పెట్టెలోంచి తీసేస్తున్నాను. అది ఉంటే నా మాట అబద్ధమవుతుంది.

…ఇందాక అంతసేపూ కారణాలు చెప్పాను, మీ అన్నయ్యకు ఒక్కటీ ఎక్కలేదు. ఒట్టు వేస్తే రెండు క్షణాల్లో ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక దేవుడి మీద వేసిన మొదటి ఒట్టు… నవ్వకు. వింటాడు.

ఇంకొకటి. పోస్టాఫీసులో పనిచేసే ఆ అమ్మాయి ఈ శనివారమూ నీకోసమే వస్తుంది. నీ కుర్చీ పక్కనే కూర్చుంటుంది. నువ్వెందుకు రాలేదని అడిగితే ఏం చెప్పమంటావు?

…

…దీనికి ఆ, ఊ సరిపోవు కదూ. సరే. నేనే ఏదో చెబుతాను.

…వెనక నుంచి ఏమంటున్నాడు?… నన్ను తిట్టమంటున్నాడా. తిట్టు.

…అంత మర్యాదగా తిడితే ఎవరు నమ్ముతారు. గట్టిగా.

…ఆ. అవును, ముసలివాణ్ణే. అది నన్నొక్కణ్ణే అన్నావు. ఇక్కడికి వచ్చేవాళ్లను కూడా అను… అనాలి తల్లీ. అనకపోతే సోమవారం స్కూలుకు వెళతాడు.

…

…ఊ. ఇంకా.

…

…ఆ మాట కూడా వచ్చా నీకు. ఎవరు నేర్పారు… ఎవరూ నేర్పక్కర్లేదులే. ఇంట్లో వింటూనే ఉంటావు.

…చాలమ్మా. ఇక నమ్ముతాడు. నేనే నమ్మేలా ఉన్నాను…

హలో… హలో…