ఈసీజీ కాగితాలు

రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలో కాయలు కోస్తూ, కళ్ళు తిరిగి చెట్టు దిగిన కూలీని మేస్త్రీ నీడలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

"ఇక చెట్టెక్కకురా. మొన్నామధ్య గుండె క్యాంపులో తీసిన ఈసీజీలో నీ గుండె బాగాలేదని వచ్చింది."

"నాకెవరూ చెప్పలేదే బాబాయ్?"

"క్యాంపు పెట్టించింది తోట కొన్న షావుకారు గారు కదా. రిపోర్టులు ఆయనకే పంపారు. అందుకు ఒప్పుకున్నట్టు మీరంతా సంతకాలు పెట్టారంట."

"మందులిస్తారంటే పెట్టాం. అందులో ఏముందో మాకెవరు చదివి చెప్పారు? ఇంతకీ ఎప్పుడొచ్చాయవి?"

"పన్నెండు రోజులైంది."

"పన్నెండు రోజుల్నించీ తెలిసే నన్ను చెట్లెక్కిస్తున్నారా?"

"కోత అయ్యాక చెప్పమన్నారురా, మనుషులు దొరకరని. నాకూ చెప్పడానికి నోరు రాలేదు."

మేస్త్రీ జేబులోంచి మడత కాగితాలు తీసి, పైనున్నది అతని చేతిలో పెట్టాడు.

"మిగతావి ఎవరివి?"

"జయకర్‌ది, నాంచారయ్యది. వాళ్ళకీ నీలాగే ఉందంట."

"వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు?"

"చెట్ల మీద."

"నా కాగితం తర్వాత చూద్దాం బాబాయ్. ముందు వాళ్ళని దింపు."