ఎర్ర సిరాను పక్కన పెట్టిన సుగుణ గారు

1996 డిసెంబరు 12వ తేదీన మరిపెడ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా విధులలో చేరిన శ్రీమతి సుగుణ గారు, ఇరవై ఎనిమిదేళ్లకు పైబడిన అవిశ్రాంత బోధనానంతరం ఈ నెలాఖరున జనగామలో పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ తొలినాళ్లలో భాషాబోధన అంటే తప్పులు లేకుండా రాయించడమేనని వారు దృఢంగా నమ్మేవారు. 1999లో ఎనిమిదవ తరగతికి ‘మా ఇంట్లో ఒక రోజు’ అన్న వ్యాసం ఇచ్చారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా బాలిక చంద్రి రెండు పుటలు రాసింది. సుగుణ గారు తప్పు కనబడిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్న చుట్టి, "ఇది ఏ భాష?" అని అందరి ముందూ అడిగారు. తరగతి నవ్వింది. మరునాటి నుంచి చంద్రి బడికి రాలేదు.

నాలుగవ రోజు సాయంత్రం సుగుణ గారు తండాకు వెళ్లారు. వాకిట్లో కూర్చున్న చంద్రి తల్లి కాళి లేవనైనా లేదు.

"మా పిల్లకు తెలుగు రాదంట గద మేడం. పత్తి ఏరుడు వస్తది. రేపటి సంది నాతోని తోలుకపోత."

సుగుణ గారు ఏదో చెప్పబోయేలోగా చంద్రి తల వంచుకునే అడిగింది: "నేను రాసింది మీరు సదివిన్రా టీచర్, ఉత్తగ దిద్దిన్రా?"

సుగుణ గారు నోటుపుస్తకం అడిగి తీసుకుని, అక్కడే చాప మీద కూర్చుని, మొదటిసారిగా ఆ వ్యాసాన్ని పైకి చదివారు. "మా యాడి నాకు బాటి పెట్టి, నేను తిన్న అని చెప్తది. ఆమె తినంగ నేను ఎన్నడు చూడలే" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివారు. కాళి తన భాషలో, ఇది నువ్వే రాశావా అన్నట్టు, కూతురిని అడిగింది. చంద్రి తల ఊపింది.

కాళి, "రేపు పంపుత. మల్ల నవ్వనియ్యొద్దు" అన్నది.

"నవ్వనియ్య. తప్పు నాదే అక్కా" అన్నారు సుగుణ గారు.

మరునాడు తరగతిలో ఆ మాటే పిల్లలకూ చెప్పారు. నల్లబల్ల మీద ‘యాడి’, ‘బాటి’ అని రాసి, పక్కన ‘అమ్మ’, ‘రొట్టె’ చేర్చి, మీ ఇళ్లలో ఏమంటారో చెప్పమన్నారు. గంట మోగేసరికి బల్ల నిండింది. అప్పటి నుంచి ప్రతి వ్యాసాన్నీ ముందు చదివి, కింద నీలి సిరాతో ఒక వాక్యం జవాబు రాసేవారు. తప్పులను పేర్లు లేకుండా బల్లకెక్కించి, పిల్లలచేతనే సరిచేయించేవారు. చంద్రి నేడు పంచాయతీ కార్యదర్శిగా గ్రామసభ తీర్మానాలు రాస్తున్నారు.

2005లో తొర్రూరుకు బదిలీ అయ్యాక వ్యాకరణాన్నే ఆటగా మలిచారు. ‘ఊరు’, ‘అంతా’ అట్టలు పట్టుకున్న పిల్లలు ఎదురెదురుగా పరుగెత్తి వస్తే, నడుమ ‘ఉ’ పట్టుకున్న పిల్ల తప్పుకోవాలి. అప్పుడు ‘ఊరంతా’ అని తరగతి అంతా చదవాలి. ఆ గోల విని ప్రధానోపాధ్యాయులు ప్రకాశ్ గారు గుమ్మంలో నిలబడి, "గిది తెలుగు క్లాసా మేడం, కబడ్డీయా?" అని అడిగితే, "సంధి అయితున్నది సార్, జర ఆగున్రి" అన్నారట. ప్రకాశ్ గారు ఆగి, చివరికి ఒక అట్ట తామే పట్టుకున్నారు.

2013 నుంచి భూపాలపల్లిలో గని కార్మికుల పిల్లలచేత తండ్రుల పనిమాటలను సేకరింపజేసి, వాటితోనే వాక్యాలు అల్లించారు. 2018లో జనగామకు వచ్చాక, కొత్తగా చేరిన మాకు కూడా తమ తరగతి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచారు.

భర్త నిరంజన్ గారి సాహచర్యంలో, కోరుకున్న పుస్తకాన్ని తీరికగా చదువుకుంటూ, మోకాళ్ల నొప్పులు మరచి తోచిన ఊరికి తిరుగుతూ, కంటిచూపు తగ్గకుండా, కంఠం బొంగురుపోకుండా, సుగుణ గారు నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా, నవ్వుతూ జీవించాలని మా పాఠశాల యావత్తూ మనసారా కోరుకుంటున్నది.